చిక్కటి ద్రవాలు ఎంత తిప్పినా ఎందుకు కలవవు, ఎందుకు వేడెక్కవు: కేయాటిక్ మిక్సింగ్ వెనక కథ

క్లుప్తంగా

చిక్కటి ద్రవాల్లో టర్బులెన్స్ (సుడులు తిరిగే గజిబిజి ప్రవాహం) పుట్టదు, వేడి దానంతట అదే లోపలికి పాకాలంటే గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ఇక్కడ మోటర్ స్పీడ్ పెంచడం కన్నా, ప్రవాహం దారిని ఎప్పటికప్పుడు మారుస్తూ ఉండటమే ఎక్కువ పని చేస్తుంది. దాన్నే కేయాటిక్ మిక్సింగ్ అంటున్నారు. కాకపోతే ద్రవం నాన్-న్యూటోనియన్ (కదిలించే వేగాన్ని బట్టి చిక్కదనం మారేది) అయితే కదలిక ఎంత దూరం చేరాలో ఆ ద్రవం స్వభావమే తేలుస్తుంది, అందుకే ఒక ద్రవానికి బాగా కుదిరిన డిజైన్ ఇంకోదానికి పనికిరాకపోవచ్చు. గోడ దగ్గర ఏం జరుగుతోందన్నది అన్నిటికన్నా పెద్ద విషయం.

సమస్య ఎక్కడుంది

పెయింట్లు, జిగుర్లు, షాంపూలు, టూత్‌పేస్ట్, కరిగిన ప్లాస్టిక్, బురదలాంటి వ్యర్థాలు, ఇలాంటివి ప్రాసెస్ చేసే ప్రతి చోటా ఒకటే ఇబ్బంది కనిపిస్తుంది. ట్యాంక్ బయట జాకెట్‌లో ఆవిరి తిరుగుతుంటుంది, లోపల ఇంపెల్లర్ (కలిపే రెక్కల చక్రం) తిరుగుతుంటుంది, గోడ పక్కన కొలిస్తే కావలసినంత వేడి ఉంటుంది, కానీ కాస్త లోపలికి వెళ్తే అదే సరుకు ఇంకా చల్లగానే ఉంటుంది. సెన్సార్ పెట్టిన చోటు అదృష్టవశాత్తూ వేడి చోటైతే అసలు తేడా ఉందని కూడా తెలియదు, బ్యాచ్ బయటికొచ్చాకే తెలుస్తుంది.

దీనికి మూలం రెండు అంకెల్లో ఉంది. మొదటిది వేడి పాకే వేగం. పాలిమర్లకైనా నీళ్ళు కలిసిన పేస్టులకైనా థర్మల్ డిఫ్యూజివిటీ సెకనుకి చదరపు మీటర్‌లో సుమారు కోటో వంతు ఉంటుంది. పట్టే టైమ్ దూరం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, కదలిక లేకుండా వేడి 1 సెంటీమీటర్ లోపలికి చేరడానికి 1000 సెకన్లు, అంటే దాదాపు 17 నిమిషాలు. 10 సెంటీమీటర్లకి లక్ష సెకన్లు, అంటే 28 గంటలు దగ్గర దగ్గర. 1 మీటర్ అయితే దాదాపు నాలుగు నెలలు. అంటే పెద్ద ట్యాంకుల్లో కండక్షన్ (వేడి దానంతట అదే పాకడం) మీద ఆధారపడటం అనే ఆప్షనే లేదు, ద్రవాన్ని కదిలించి గోడ దగ్గరికి తీసుకురావాల్సిందే.

రెండోది రేనాల్డ్స్ నంబర్. ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1883లో పైపుల్లో రంగు వదిలి చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన అవగాహన ఇది: ద్రవం ముందుకు దూసుకుపోయే జోరు, దాన్ని పట్టి ఆపే చిక్కదనం, ఈ రెండిట్లో ఏది ఎంత ఎక్కువో చెప్పే నంబర్. పైపుల్లో ఇది 2000 దాటాకే టర్బులెన్స్ మాట మొదలవుతుంది. నీళ్ళకన్నా పదివేల రెట్లు చిక్కగా ఉండే ద్రవాన్ని 10 సెంటీమీటర్ల సైజు ఉన్న చోట సెకనుకి 10 సెంటీమీటర్ల వేగంతో నడిపిస్తే ఈ నంబర్ 1 దగ్గర ఉంటుంది. 2000కి చేర్చాలంటే సెకనుకి 200 మీటర్ల వేగం కావాలి. ఏ మోటరూ ఆ పని చేయలేదు, చేసినా ఆ రాపిడికే సరుకు మాడిపోతుంది.

నీళ్ళలాంటి ద్రవాల్లో ఈ బాధ లేదు, ఎందుకంటే అక్కడ టర్బులెన్స్ అనేది ఉచితంగా దొరికే పనివాడు, పెద్ద సుడులు చిన్నవిగా, చిన్నవి ఇంకా చిన్నవిగా విడిపోతూ వేడినీ రంగునీ అన్ని మూలలకీ మోసుకెళ్తాయి. చిక్కటి ద్రవాల్లో ఆ పనంతా మిక్సర్ డిజైన్ చేసే మనిషి ముందే ఆలోచించి పెట్టాలి.

తిరగడం వేరు, కలవడం వేరు

టర్బులెన్స్ లేని ప్రవాహాన్ని లామినార్ అంటారు, అందులో పొరలు పొరల్లా ఒకదాని పక్కన ఒకటి జారతాయి తప్ప ఒకదాంట్లోకి ఒకటి దూరవు. ఒక ఇంపెల్లర్‌ని ఒకే వేగంతో ఒకే వైపు తిప్పుతూ పోతే ద్రవంలోని ప్రతి కణం దాదాపు ఒకే మూసిన దారిలో మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. పక్క దారిలో ఉన్న కణంతో దానికి ఎప్పటికీ పరిచయం ఉండదు. బయటినుంచి చూసేవాళ్ళకి మొత్తం బ్రహ్మాండంగా కదులుతున్నట్టే ఉంటుంది, ఇక్కడే చాలామంది మోసపోయేది.

చిక్కటి ద్రవం ఎంత నిక్కచ్చిగా పాత దారి గుర్తు పెట్టుకుంటుందో జి. ఐ. టేలర్ ఒక ప్రదర్శనలో చూపించాడు. రెండు సిలిండర్ల మధ్య చిక్కటి ద్రవం పోసి, అందులో రంగు చుక్క వేసి, లోపలి సిలిండర్‌ని కొన్ని చుట్లు తిప్పితే రంగు పూర్తిగా చెరిగిపోయినట్టు పల్చగా పరుచుకుంటుంది. అదే సిలిండర్‌ని అన్నే చుట్లు వెనక్కి తిప్పితే రంగు మళ్ళీ చుక్కై కూర్చుంటుంది. అంటే అంతసేపూ అది కలవలేదు, సాగింది అంతే. అందుకే చిక్కటి ద్రవాన్ని కాసేపు ముందుకి, మళ్ళీ అంతేసేపు వెనక్కి తిప్పితే బాగా కలుస్తుందనుకోవడం తప్పు, ఒకే ఇంపెల్లర్‌తో అలా చేస్తే చేసిన పని చేసినట్టే తిరిగి చెరిగిపోతుంది.

సాగడంలోనూ తేడా ఉంది, అసలు విషయమంతా ఈ తేడాలోనే ఉంది. మామూలు షియర్‌లో (పొరలు ఒకదాని పక్కన ఒకటి జారే కదలికలో) ఒక గీత పొడవు టైమ్‌తో పాటు సమానంగా పెరుగుతుంది: సెకనుకి 1 చొప్పున షియర్ ఉంటే 100 సెకన్లకి 100 రెట్లు, పది లక్షల రెట్లు కావాలంటే పది లక్షల సెకన్లు, అంటే పదకొండున్నర రోజులు. అదే సాగదీసి మడిచి, మళ్ళీ సాగదీసి మళ్ళీ మడిచే ప్రవాహమైతే, ప్రతి రౌండ్‌కీ రెట్టింపు అవుతుందనుకున్నా 7 రౌండ్లకి 128 రెట్లు, 20 రౌండ్లకి పది లక్షలు దాటేస్తుంది. రెండు రంగుల బంకమట్టి ముద్దని అదిమి పరిచి, మడిచి, మళ్ళీ అదిమితే పొరలు ఎంత తొందరగా కంటికి కనపడనంత సన్నబడతాయో అదే లెక్క. పొర సన్నబడే కొద్దీ వేడి దాటాల్సిన దూరం తగ్గుతుంది, దూరం సగమైతే టైమ్ నాలుగో వంతే అని పైన చూశాం కదా, కాబట్టి లాభం రెండు వైపులా వస్తుంది.

1984లో తేలిన సంగతి

హసన్ అరెఫ్ 1984లో ప్రచురించిన పేపర్‌లో చాలా సింపుల్ ఏర్పాటు తీసుకున్నాడు: ఒక గుండ్రటి పాత్రలో రెండు సుడులు, రెండూ ఒకేసారి కాదు, కాసేపు ఇది, కాసేపు అది. విడివిడిగా చూస్తే ఒక్కో సుడీ పరమ క్రమశిక్షణ గల ప్రవాహం, కణాలు గుండ్రంగా తిరుగుతాయి, అంతే. వంతులవారీగా ఆన్ ఆఫ్ చేస్తే మాత్రం కణాల దారులు కేయాటిక్ అయిపోతాయి. పక్కపక్కన ఉన్న రెండు కణాలు కాసేపటికే పాత్రలో ఎక్కడెక్కడికో వెళ్ళిపోతాయి, వాటి మధ్య దూరం ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది.

దీనికి గణితం కారణం కూడా అందంగా ఉంటుంది. రెండు డైమెన్షన్ల ప్రవాహంలో కణం కదలిక సమీకరణాలు, మెకానిక్స్‌లో హామిల్టోనియన్ సిస్టమ్ సమీకరణాలు అచ్చం ఒకటే రూపంలో ఉంటాయి. ప్రవాహం టైమ్‌తో మారకపోతే కేయాస్ అసాధ్యం. టైమ్‌తో మారితే, లేదా మూడో డైమెన్షన్ దొరికితే, సాధ్యం. వేగం ఎక్కువా తక్కువా అన్న ప్రశ్న ఇందులో ఎక్కడా రాదు, రేనాల్డ్స్ నంబర్ సున్నాకి దగ్గరగా ఉన్నా కేయాస్ వస్తుంది. టర్బులెన్స్‌లో ప్రవాహమే గజిబిజిగా ఉంటుంది, ఇక్కడ ప్రవాహం ప్రతి క్షణం శుభ్రంగా, లెక్క కట్టగలిగేలా ఉంటుంది, గజిబిజి అంతా కణం నడిచిన దారిలో ఉంటుంది. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడటం వల్లే ఈ టాపిక్‌లో సగం గందరగోళం.

అయితే కేయాస్ పెట్టగానే పాత్ర మొత్తం కలిసిపోదు. కేయాటిక్ సముద్రం మధ్యలో దీవులు మిగులుతాయి, అక్కడ కణాలు ఇంకా పాత పద్ధతిలోనే మూసిన దారుల్లో తిరుగుతుంటాయి, బయటి ద్రవం లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. వేడి విషయంలో ఈ దీవులే చల్లటి ముద్దలు. వంతు టైమ్ మరీ చిన్నదైతే రెండు ప్రవాహాలు కలిసి ఒక సగటు ప్రవాహంలా తయారై కేయాస్ తగ్గిపోతుంది, మరీ పెద్దదైతే ప్రతి వంతులోనూ ద్రవం ఊరికే చుట్టుకుంటూ టైమ్ వేస్ట్ అవుతుంది. మధ్యలో ఎక్కడో మంచి విలువ ఉంటుంది, అది పాత్ర ఆకారాన్ని బట్టి, ద్రవాన్ని బట్టి మారుతుంది.

రంగు కలపడానికీ వేడి కలపడానికీ తేడా

మిక్సింగ్ మీద రీసెర్చ్ చాలావరకు రంగుతో జరిగింది, ఆ ఫలితాల్ని యథాతథంగా వేడికి వాడేస్తుంటారు. అలా వాడకూడదు. రంగు అణువుల డిఫ్యూజివిటీ వేడి కన్నా వెయ్యి రెట్లో అంతకన్నా ఎక్కువో తక్కువ ఉంటుంది. సాగదీత వల్ల పొర సన్నబడటం, డిఫ్యూజన్ వల్ల పొర వెడల్పవడం, ఈ రెండూ సమానమయ్యే మందం ఒకటుంటుంది, దాన్ని బ్యాచిలర్ స్కేల్ అంటారు. సాగే రేటు సెకనుకి 0.1 అనుకుంటే వేడికి ఆ మందం 1 మిల్లీమీటర్ వస్తుంది, రంగుకి 30 మైక్రాన్లు వస్తుంది. అంటే వేడికి పొరలు మరీ సన్నబడక్కర్లేదు, కొన్ని రౌండ్లు తక్కువైనా పర్లేదు. ఇది మంచి వార్త.

అంత మంచిది కాని వార్త ఏంటంటే, రంగు లోపలే ఉంటుంది, దాన్ని పరచడమే పని. వేడి అలా కాదు, అది గోడ నుంచి లోపలికి రావాలి. గోడకి ఆనుకున్న ద్రవం గోడతో పాటే ఉంటుంది, గోడ ఆగి ఉంటే అదీ ఆగే ఉంటుంది. మధ్యలో ఎంత గొప్ప కేయాస్ ఉన్నా, గోడ పక్కన కదలని పలచటి పొర ఒకటి కంబళిలా అడ్డం పడి ఉంటుంది. 2007లో గుయార్, టిఫో, వాళ్ళ సహ రచయితలు ప్రయోగాల్లో చూపించింది ఇదే: కదలని గోడ ఉన్నప్పుడు మిక్సింగ్ ఎక్స్‌పొనెన్షియల్‌గా కాకుండా టైమ్ ఘాతం లెక్కన నెమ్మదిగా సాగుతుంది, గోడ దగ్గర చిక్కుకున్న కలవని ద్రవం కొంచెం కొంచెంగా లోపలికి లీకవుతూ మధ్య భాగాన్ని కూడా పాడు చేస్తుంది. గోడని తిప్పితే మళ్ళీ స్పీడ్ వస్తుందని 2011లో చూపించారు.

అందుకే వేడి కోసం చూసేటప్పుడు ఒక్క అంకె చాలదు. సగటు టెంపరేచర్ ఎంత తొందరగా పెరుగుతోంది అన్నది ఒకటి, మొత్తం ద్రవంలో టెంపరేచర్ తేడాలు ఎంత తొందరగా తగ్గుతున్నాయి అన్నది ఇంకోటి. గోడని ఒకే వైపు నిరంతరం తిప్పితే సగటు బాగానే పెరగొచ్చు, లోపల చల్లటి ముద్ద మాత్రం అలాగే ఉండిపోవచ్చు, చివరికి గోడ దగ్గరిది మాడి మధ్యలోది పచ్చిగా ఉన్నా సగటు మాత్రం సరిగ్గా కనిపిస్తుంది. సగటు చూసి తృప్తి పడటం ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు.

నాన్-న్యూటోనియన్ అయితే ఏం మారుతుంది

న్యూటోనియన్ ద్రవానికి చిక్కదనం ఒక ఫిక్స్‌డ్ సంఖ్య. పెయింట్, షాంపూ, కరిగిన ప్లాస్టిక్ లాంటివాటికి అలా కాదు, ఎంత వేగంగా షియర్ చేస్తే అంత పలచబడతాయి. వీటిని షియర్-థిన్నింగ్ అంటారు. కొన్ని గాఢమైన సస్పెన్షన్లు దీనికి రివర్స్, షియర్ పెరిగితే గట్టిపడతాయి. లెక్కల కోసం ఎక్కువగా వాడే పవర్ లా మోడల్‌లో ఈ స్వభావాన్ని n అనే ఒక్క సంఖ్య చెబుతుంది: 1 అయితే న్యూటోనియన్, 1 కన్నా తక్కువైతే పలచబడేది, ఎక్కువైతే గట్టిపడేది. n విలువ 0.5 ఉన్న ద్రవంలో షియర్ 100 రెట్లు పెరిగితే చిక్కదనం పదో వంతుకి పడిపోతుంది.

ఇది మిక్సింగ్‌ని ఎలా దెబ్బకొడుతుందో చూడ్డానికి ఒక చిన్న లెక్క సరిపోతుంది. విశాలమైన ద్రవం మధ్యలో ఒక గుండ్రటి కడ్డీ తిరుగుతోందనుకుందాం. టార్క్ (తిప్పే బలం) అన్ని దూరాల్లోనూ ఒకటే ఉండాలి కాబట్టి షియర్ స్ట్రెస్ దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది, దాంట్లోంచి వేగం లెక్క కడితే అది దూరానికి (1 − 2/n) ఘాతంలో మారుతుంది. కడ్డీ వ్యాసార్థానికి రెండింతల దూరంలో న్యూటోనియన్ ద్రవం కడ్డీ ఉపరితల వేగంలో సగంతో కదులుతుంది. n 0.5 ఉన్న ద్రవం ఎనిమిదో వంతుతోనే కదులుతుంది. n 1.5 ఉన్నదైతే దాదాపు 79 శాతం వేగంతో కదులుతుంది. తేడా ఎంత పెద్దదో చూడండి. పలచబడే ద్రవం కడ్డీ చుట్టూ ఒక జారుడు పొర తయారుచేసుకుని, తన పని తాను చూసుకుంటుంది, మిగతా ద్రవానికి కబురు కూడా అందదు. గట్టిపడే ద్రవం కదలికని దూరం దాకా మోస్తుంది.

కేయాస్ పుట్టాలంటే రెండు కదలికల ప్రభావాలు ఒకదాని మీద ఒకటి పడాలి. ఒక్కో కడ్డీ తన చుట్టుపక్కలే తిప్పుకుంటూ ఉంటే, వంతులవారీగా తిప్పినా రెండూ కలిసే ప్రాంతం చిన్నదైపోతుంది, దీవులు పెద్దవవుతాయి. షియర్-థిన్నింగ్ ద్రవాలు పంప్ చేయడానికి సుఖం, కలపడానికి కష్టం అనేది ఈ ఒక్క మెకానిజమ్ నుంచే వస్తుంది.

మరి స్పీడ్ పెంచితే? ఇక్కడ చాలామంది ఊహించని సంగతి ఒకటుంది. జడత్వం లెక్కలోకి రానంత నెమ్మది ప్రవాహంలో, శుద్ధమైన పవర్ లా ద్రవానికి, స్పీడ్ రెట్టింపు చేస్తే ప్రవాహం ఆకారం ఏ మాత్రం మారదు, అదే దారులు రెట్టింపు వేగంతో నడుస్తాయి. చుట్లు లెక్కన చూస్తే అదే దీవులు, అదే చోట్ల, అదే సైజులో ఉంటాయి. ఖర్చు మాత్రం మారుతుంది: పవర్ స్పీడ్‌కి (n + 1) ఘాతంలో పెరుగుతుంది కాబట్టి స్పీడ్ రెట్టింపు చేస్తే న్యూటోనియన్‌కి 4 రెట్లు, n 0.5 అయితే 2.8 రెట్లు, n 1.5 అయితే 5.7 రెట్లు దగ్గర దగ్గర. కరెంటు బిల్లు పెరుగుతుంది, చల్లటి ముద్ద అలాగే ఉంటుంది.

ఈల్డ్ స్ట్రెస్ ఉన్న ద్రవాలది ఇంకో గొడవ. టూత్‌పేస్ట్ లాంటివి కొంత బలం దాటేదాకా అసలు కదలవు, గట్టి పదార్థంలా కూర్చుంటాయి. ట్యాంక్‌లో ఇంపెల్లర్ తిప్పితే దాని చుట్టూ ఒక గుహలాంటి ప్రాంతం మాత్రమే కదులుతుంది, దీన్ని కేవర్న్ అనే పిలుస్తారు, దాని బయట అంతా నిశ్చలం. ఇక్కడ మాత్రం స్పీడ్ పెంచితే గుహ పెద్దదవుతుంది కాబట్టి ఉపయోగం ఉంది, గుహ గోడని తాకేదాకా జాకెట్ నుంచి వచ్చే వేడి కండక్షన్‌తోనే లోపలికి రావాలి. 1957లో మెట్జ్‌నర్, ఆటో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ ఇండస్ట్రీలో నడుస్తోంది: ఇంపెల్లర్ దగ్గర సగటు షియర్ రేటు దాని తిరిగే వేగానికి అనుపాతంలో ఉంటుంది, టర్బైన్ రకాలకి ఆ గుణకం 10 నుంచి 13 మధ్య. పవర్ అంచనాకి ఇది చక్కగా పని చేస్తుంది. ట్యాంక్ మూలల్లో ఏం జరుగుతోందో మాత్రం ఈ సగటు చెప్పదు, అది చెప్పడానికి పుట్టిన సూత్రం కూడా కాదు.

గోడలనే తిప్పడం

కదలిక గోడ పక్కనే పుడుతుంది, వేడీ గోడ నుంచే వస్తుంది, మరి ఆ గోడనే కలిపే సాధనంగా ఎందుకు వాడకూడదు అన్నది ఈ దిశలో వచ్చిన మంచి ఆలోచన. 2010లో కమాల్ ఎల్ ఒమరీ, ఈవ్ లె గెర్ ఈ ఏర్పాటు మీద కంప్యూటర్ సిమ్యులేషన్లు చేశారు: గుండ్రటి ట్యాంక్, లోపల రెండు గుండ్రటి కడ్డీలు, ట్యాంక్ గోడా కడ్డీలూ వంతులవారీగా తిరుగుతాయి, పవర్ లా ద్రవాలకి వేడి ఎలా కలుస్తుందో చూశారు. ఇందులో బ్లేడ్లు లేవు, కాబట్టి సరుకు చిక్కుకునే మూలలూ లేవు.

వంతు మారినప్పుడల్లా ఏం జరుగుతుందంటే, ఒక కడ్డీ చుట్టూ అంటుకుని వేడెక్కిన పొర, పక్కన ఇంకో గోడ తిరగడం మొదలవగానే ఊడిపోయి లోపలికి లాగబడుతుంది, దాని చోట్లోకి చల్లటి ద్రవం వస్తుంది. వేడి పీల్చుకునే వేగం గోడకీ ద్రవానికీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది, తేడా తగ్గిపోయాక గోడ ఎంత వేడిగా ఉన్నా లాభం లేదు, చల్లటి ద్రవాన్ని మళ్ళీ మళ్ళీ గోడకి ఆనించడమే మార్గం. స్క్రేపర్లు కూడా చేసేది ఇదే పని, గోడ మీది పొరని గీకి లోపలికి తోస్తాయి, కాకపోతే అరుగుదల, సీల్స్, క్లీనింగ్ తలనొప్పి ఉంటాయి.

టోపాలజీ (సాగదీసినా మారని గుణాల గణితం) వైపు నుంచి వచ్చిన ఫలితం ఒకటి నాన్-న్యూటోనియన్ ద్రవాల కోణంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2000లో బోయిలండ్, అరెఫ్, స్ట్రెమ్లర్ మూడు కడ్డీలని జడ అల్లినట్టు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే ద్రవం సాగక తప్పదని చూపించారు. పక్క పక్క కడ్డీల జతల్ని ఒకసారి ఒక దిశలో, ఒకసారి రెండో దిశలో మార్చే అల్లికలో ఒక్కో రౌండ్‌కీ సాగదీత కనీసం 2.618 రెట్లు. ఈ కనీస హామీ కడ్డీల దారి నుంచే వస్తుంది, ద్రవం పలచబడేదా గట్టిపడేదా అన్నదానితో పనిలేదు. రియాలజీ (ద్రవం ఎలా పారుతుందన్న స్వభావం) సరిగ్గా తెలియని సరుకుతో పని చేసేవాళ్ళకి ఇంతకన్నా విలువైన హామీ దొరకడం కష్టం. ఆ సాగదీత ట్యాంక్‌లో ఎంత భాగంలో జరుగుతుందన్నది మాత్రం మళ్ళీ ద్రవం చేతిలోనే ఉంటుంది.

వేడి తిరిగి ప్రవాహాన్నే మారుస్తుంది

ఇప్పటిదాకా వేడి ఊరికే మోసుకుపోబడే సరుకులా మాట్లాడుకున్నాం. నిజంగా అలా ఉండదు, వేడెక్కితే చిక్కదనం తగ్గుతుంది. వేడి గోడ పక్కన ద్రవం ఇంకా పలచబడుతుంది, షియర్ అంతా అక్కడే పోగవుతుంది, మధ్య భాగం ముద్దలా మిగిలిపోతుంది, అంటే షియర్-థిన్నింగ్ చేసే నష్టానికి ఇది తోడవుతుంది. చల్లబరిచేటప్పుడు ఇంకా ఘోరం, చల్లటి గోడకి ద్రవం గట్టిగా పేరుకుపోయి అదే ఇన్సులేషన్ అయిపోతుంది. 1936 నాటి సీడర్-టేట్ సూత్రంలో చిక్కదనాల నిష్పత్తికి 0.14 ఘాతం వేసి దీన్ని సరిచేస్తారు: మధ్యలో చిక్కదనం గోడ దగ్గరి కన్నా 10 రెట్లుంటే హీట్ ట్రాన్స్‌ఫర్ 38 శాతం పెరుగుతుంది, నిష్పత్తి తిరగబడితే 28 శాతం తగ్గుతుంది. వేడి చేసినంత సులువుగా చల్లార్చలేకపోవడం ఈ అంకెల్లోనే కనిపిస్తుంది.

పైగా కలపడం వల్లే వేడి పుడుతుంది. చిక్కదనం 1000 పాస్కల్-సెకన్లు, షియర్ రేటు సెకనుకి 10 అయితే ప్రతి క్యూబిక్ మీటర్‌లో 100 కిలోవాట్ల వేడి పుడుతుంది, మామూలు పాలిమర్‌కి అది నిమిషానికి దాదాపు 3 డిగ్రీలు. ఎక్స్‌ట్రూడర్లలో (స్క్రూతో ప్లాస్టిక్‌ని కరిగించి తోసే యంత్రాల్లో) ప్లాస్టిక్ కరగడానికి హీటర్ల కన్నా స్క్రూ రాపిడే ఎక్కువ పని చేయడానికి కారణం ఇదే. వేడికి పాడయ్యే సరుకైతే మాత్రం, బాగా కలుపుదామని స్పీడ్ పెంచడం అంటే సరుకుని లోపల్నుంచి ఉడకబెట్టడమే. తక్కువ షియర్‌తో ఎక్కువ మడతలు ఇచ్చే కేయాటిక్ పద్ధతి ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది.

పైపుల్లో ఇదే కథ

నిరంతరంగా నడిచే ప్లాంట్లలో ప్రవాహం దారి టైమ్‌తో కాకుండా, ద్రవం పైపు వెంట ముందుకి పోయే కొద్దీ మారుతుంది. స్టాటిక్ మిక్సర్లలో కదిలే భాగాలేమీ ఉండవు, పైపులో మెలి తిరిగిన రేకులు వరసగా ఉంటాయి, కెనిక్స్ రకంలో ఒక్కో రేకు 180 డిగ్రీలు తిరిగి ఉంటుంది, తర్వాతది ఎదురు దిశలో. ప్రతి రేకూ ప్రవాహాన్ని రెండుగా చీలుస్తుంది కాబట్టి 10 రేకులకి దాదాపు 1024 పొరలు.

వంకర పైపుల్లో ఇంకో పద్ధతి ఉంది. వంపులో ద్రవం అడ్డంగా రెండు సుడులుగా తిరుగుతుందని 1920లలో డీన్ చూపించాడు. మామూలు కాయిల్‌లో ఆ సుడులు ఎప్పుడూ ఒకే చోట ఉంటాయి, వాటి మధ్యలో చిక్కిన ద్రవం చివరిదాకా అక్కడే ఉంటుంది. మధ్యమధ్యలో కాయిల్ దిశని 90 డిగ్రీలు తిప్పితే సుడుల అక్షం మారుతుంది, దారులు కలుస్తాయి. సక్సేనా, నిగమ్ 1984లోనే ఇలాంటి కాయిల్డ్ ఫ్లో ఇన్వర్టర్‌ని చూపించారు, 1992లో ఆచార్య, సేన్, చాంగ్ కేయాటిక్ కాయిల్‌లో హీట్ ట్రాన్స్‌ఫర్ పెరుగుదల గురించి ప్రచురించారు. కాకపోతే డీన్ సుడులకి కొంత జడత్వం కావాలి, మరీ చిక్కటి సరుకుకి ఇవి పనికిరావు, అక్కడ స్టాటిక్ మిక్సరే దిక్కు.

పైపుల్లో షియర్-థిన్నింగ్ ఒక మేలు కూడా చేస్తుంది. న్యూటోనియన్ ద్రవంలో మధ్య వేగం సగటుకి 2 రెట్లుంటే, n 0.5 ద్రవంలో 1.67 రెట్లే, అంటే కణాలు పైపులో గడిపే టైమ్‌ల మధ్య తేడా కాస్త తగ్గుతుంది. గోడ దగ్గర వేగం ఎక్కువగా ఉండటం వల్ల హీట్ ట్రాన్స్‌ఫర్ కూడా కొంచెం మెరుగవుతుంది. ట్యాంక్‌లో శత్రువైన గుణమే పైపులో కాస్త మిత్రుడవుతుందన్నమాట.

సాగే గుణం ఉన్న ద్రవాలు

పొడవాటి పాలిమర్ గొలుసులున్న ద్రవాలు పలచబడటమే కాదు, రబ్బరులా సాగి వెనక్కి లాగుతాయి కూడా. గ్రోయిస్మన్, స్టైన్‌బర్గ్ 2000లో పాలిమర్ ద్రావణంలో రేనాల్డ్స్ నంబర్ చాలా తక్కువగా ఉన్నా టర్బులెన్స్ లాంటి గజిబిజి పుడుతుందని చూపించారు, దాన్ని ఎలాస్టిక్ టర్బులెన్స్ అన్నారు. 2001లో అదే గుణంతో వంకర ఛానెల్‌లో మిక్సింగ్ చేసి చూపించారు. జడత్వం చేయాల్సిన పనిని ఇక్కడ సాగే గుణం చేస్తుంది. దీనివల్ల పైన చెప్పిన రివర్స్ అయ్యే గుణం కూడా చెదిరిపోతుంది. డిజైనర్ కోణంలో ఇది వరమే అయినా నమ్మకంగా వాడుకోవడం కష్టం, ఎందుకంటే గొలుసులు ఎక్కువసేపు షియర్ తగిలితే తెగిపోతాయి, అప్పుడు ఆ గుణమూ పోతుంది.

ఉన్న ట్యాంకుల్లో ఏం సాధ్యం

చిన్న ట్యాంక్‌లో కుదిరిన పద్ధతి పెద్దదానికి ఎందుకు కుదరదో అంకెలే చెబుతాయి: కొలతలన్నీ 10 రెట్లు చేస్తే ప్రతి లీటర్‌కీ దొరికే గోడ పదో వంతుకి తగ్గుతుంది, కండక్షన్ టైమ్ 100 రెట్లవుతుంది. ల్యాబ్‌లో కనపడని దీవి ప్లాంట్‌లో గంటల తరబడి చల్లగా ఉంటుంది.

కొత్త మిక్సర్ కొనకుండా చేయగలిగినవాటిలో షాఫ్ట్‌ని మధ్య నుంచి పక్కకి జరపడం ఒకటి. ట్యాంక్ గుండ్రటి సిమెట్రీ పోవడంతో దీవులు విరుగుతాయి. స్పీడ్‌ని టైమ్‌తో పాటు పెంచుతూ తగ్గిస్తూ ఉండటం ఇంకోటి, లాంబర్టో, మజియో బృందం 1996లో దీన్ని చూపించింది, ఇంపెల్లర్ పైనా కిందా డోనట్‌లా ఏర్పడే కలవని ప్రాంతాలు దీంతో చెదురుతాయి. దీన్ని వాడే ముందు ఒకటి చూసుకోవాలి: ఇది పని చేసేది కొద్దిగానైనా జడత్వం ఉండి, స్పీడ్ మారితే ప్రవాహం ఆకారం మారే చోటే. మరీ చిక్కటి పవర్ లా ద్రవంలో ఒకే షాఫ్ట్ స్పీడ్ ఎలా మార్చినా ఆకారం అదే కాబట్టి దీవులూ అవే, అక్కడ రెండో షాఫ్టో, తిరిగే గోడో, జరిపిన షాఫ్టో కావాలి. ఈల్డ్ స్ట్రెస్ ఉన్న సరుకులో స్పీడ్ తగ్గించిన వంతులో గుహ గోడని వదిలేసి కుంచించుకుపోతుంది కాబట్టి, తక్కువ స్పీడ్ ఎంత అన్నది గుహ గోడని తాకి ఉండే హద్దు పైనే పెట్టుకోవాలి.